చేప దొరికింది, మీ మనిషే దొరకలేదు

మల్కాజ్‌గిరి, హైదరాబాద్
తేదీ: 11 ఆగస్టు 2024

వినియోగదారుల ఫిర్యాదుల అధికారి గారికి,

విషయం: మెరైన్ ట్యాంకులోని దూకుడు చేపను పట్టి తీసుకువెళ్తామన్న హామీని నిలబెట్టుకోకపోవడం, ఆ సంగతి అడిగిన ఖాతాదారును నలభై రోజులు తిప్పించుకోవడం గురించి.

ఆర్యా,

ఒక చేప మరో చేపను కరిచిందని నేను ఈ ఉత్తరం రాయడం లేదు. సముద్రపు చేపలు చోటు కోసం పోట్లాడుకుంటాయని, పెరిగేకొద్దీ కొన్నింటి స్వభావం మారిపోతుందని ఆరేళ్ళుగా ఉప్పునీటి చేపలను పెంచుతున్న నాకు తెలుసు. అలాంటి పరిస్థితి వస్తే మీ మనిషే వచ్చి ఆ చేపను పట్టి తీసుకువెళ్తాడని ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం) కాగితంలో రాసి, ఏటా రూ. 9,600 కట్టించుకున్న మీ సంస్థ, జూలై 3 నుంచి ఈ రోజు వరకు మా ఇంటికి ఒక్క మనిషిని పంపలేదు. అంతకంటే బాధ కలిగించిన విషయం ఏమిటంటే, ఈ నలభై రోజుల్లో మీ దగ్గర ఫోనెత్తిన వారిలో ఒక్కరు కూడా నా మాటను చివరిదాకా వినలేదు.

2018లో మా ఇంట్లో నాలుగడుగుల ట్యాంకు అమర్చింది మీరే. ఇసుక, ఉప్పు, పంపులు, చేపలు అన్నీ మీ దగ్గరే కొన్నాను. మా బావగారి ఇంట్లోనూ, మా ఆఫీసులో ఒకరింట్లోనూ ట్యాంకులు పెట్టించింది నా మాట మీదే. 2020 లాక్‌డౌన్‌లో నెలల తరబడి మీ మనిషి రాలేకపోయినా, ఆ ఏడాది ఏఎంసీ డబ్బు ఒక్క రూపాయి తగ్గించమని అడగలేదు. కుర్రవాళ్ళకు జీతాలు ఇవ్వాలి కదా అని మా ఆవిడే అన్నది. ఇవన్నీ మీ రికార్డుల్లో ఉంటాయి, తీసి చూడండి.

2022లో మీ దుకాణంలోని ఉద్యోగి ఒకరు డామినో డామ్సెల్‌ను చూపించి, గట్టి చేప, త్వరగా చావదు, క్లౌన్ చేపలతో కలిసిపోతుంది అని చెప్పి ఇచ్చారు. అప్పుడది రూపాయి బిళ్ళంత ఉండేది. నల్లటి ఒళ్ళు, నుదుటిన ఒక తెల్లచుక్క, రెండు పక్కలా ఒక్కొక్కటి. మా అమ్మ దానికి బొట్టుచేప అని పేరు పెట్టింది. అది నాలుగైదు అంగుళాలు పెరుగుతుందని, పెరిగాక తన చుట్టుపక్కలకు దేన్నీ రానివ్వదని అమ్మేవారికి తెలియని సంగతి కాదు, కానీ నాకు చెప్పలేదు. ఈ జూన్ నాటికి నుదుటి బొట్టు దాదాపు చెరిగిపోయింది, చేప నా అరచేతి వెడల్పుకు వచ్చింది, ట్యాంకు మొత్తం దానిదే అయిపోయింది. నాలుగేళ్ళుగా ఎడమ మూలన కాపురమున్న క్లౌన్ జంట నీటి పైభాగాన, గొట్టం వెనక నిలబడే దశకు వచ్చింది. అద్దం తుడవడానికి చెయ్యి పెడితే నా వేలినే వచ్చి పొడిచేది.

జూలై 3న మొదటిసారి ఫోన్ చేశాను. ఒక అమ్మాయి వివరాలు రాసుకుని, ఫిర్యాదు నంబరు ఇచ్చి, ఇరవై నాలుగు గంటల్లో మాట్లాడతామని చెప్పింది. మూడు రోజులు చూసి నేనే మళ్ళీ చేశాను. ఈసారి ఎత్తినాయన నంబరు చెప్పినా వినిపించుకోకుండా మొదటి నుంచి చెప్పమన్నారు. చెప్పాను. అంతా విని, చేపను వలతో పట్టి, ఆక్సిజన్ నింపిన సంచిలో కట్టి దుకాణానికి తెస్తే వాపసు తీసుకుంటామన్నారు. అయ్యా, ఆ చేపను పట్టలేకనే కదా ఫోన్ చేస్తున్నాను అన్నాను. మీరు పట్టకపోతే మేమేం చేయగలం సార్ అన్నారు. ఆ సమాధానాన్ని నేను ఇప్పటికీ మరచిపోలేకపోతున్నాను.

చేపను పట్టడం అంత తేలికైతే ఎవరూ ఏఎంసీలో ఆ మాట రాయించుకోరు. వల నీటిలోకి దిగగానే అది మీ మనిషి అమర్చిన రాతి గుట్టలోకి దూరిపోతుంది. అందులోని ప్రతి కంతా దానికి తెలుసు. ఒక కంత దగ్గర కాపు కాస్తే మరో కంతలోంచి తొంగిచూస్తుంది. మనం వల తిప్పేకొద్దీ బెదిరేది అది కాదు, మిగిలిన చేపలు. రాత్రి దీపాలార్పి టార్చితో ప్రయత్నించాను, రెండు వలలతో రెండు వైపుల నుంచి ప్రయత్నించాను. ఈ సంగతులన్నీ వాట్సాప్‌లో రాసి పంపితే నీలం టిక్కులు పడ్డాయి, జవాబు రాలేదు.

జూలై 10న మీ నుంచి ఒక పార్సెల్ వచ్చింది. విప్పి చూస్తే ప్లాస్టిక్ బోను. తలుపును పైకి ఎత్తి ఉంచి, చేప లోపలికి రాగానే దారం వదిలి మూయవలసిన బోను అది. తలుపు సగం దాకా జారి ఆగిపోతోంది. వేలితో నొక్కితే తప్ప కిందికి దిగదు, వేలు పెట్టేలోపు చేప బయట ఉంటుంది. ఈ మాట చెప్పడానికి ఫోన్ చేస్తే మూడో ఆయన, తలుపు పని చేయడం లేదని రుజువుగా చేప తప్పించుకుపోతున్న వీడియో పంపమన్నారు. వీడియో తీసి పంపాను. నాలుగు రోజుల తర్వాత మరొకరు ఫోన్ చేసి, ట్యాంకులో సగం మంచినీళ్ళు పోస్తే చేప నీరసపడి దొరుకుతుందని సలహా ఇచ్చారు. ఉప్పునీటి సాంద్రతను 1.025 దగ్గర నిలపమని ఆరేళ్ళ క్రితం నాకు నేర్పింది మీ సంస్థే. సగం మంచినీళ్ళు పోస్తే ఆ ఒక్క చేపకే కాదు, ట్యాంకులో ఉన్న ప్రాణాలన్నిటికీ ముప్పు వచ్చేది. ఆ సలహా ఇచ్చిన వ్యక్తి ఇంకా ఎంతమందికి ఇలా చెబుతున్నారోనని నాకు నిజంగా భయం వేసింది.

చివరకు జూలై 21, ఆదివారం, ఉదయం పది గంటలకు మీ టెక్నీషియన్ వస్తాడని కబురు వచ్చింది. ఆ రోజు సికింద్రాబాద్‌లో లష్కర్ బోనాలు, దారులు మూసేస్తారు, మరో రోజు పెట్టుకుందామని నేనే చెప్పాను. మా మనిషి బండి మీద వస్తాడు సార్, ఏం ఫరవాలేదు అన్నారు. పని త్వరగా అవడానికి అతను వచ్చేలోపు నీటిని సగానికి తగ్గించి, ముందు వరుస రాళ్ళు తీసిపెట్టమన్నారు. వెనక గుట్టను మాత్రం కదిలించవద్దని, అది సిమెంటుతో అతికించింది కాబట్టి తేడా వస్తే అద్దం పగులుతుందని హెచ్చరించారు.

తెల్లవారుజామునే లేచి నేను, మా ఆవిడ, మా అబ్బాయి పని మొదలుపెట్టాం. ఎనిమిది బకెట్లు, ఒక నీలం డ్రమ్ము నిండా నీళ్ళు తోడాం. రాళ్ళను టబ్బుల్లో పెట్టి ఉప్పునీటిలో తడిపిన తువాళ్ళు కప్పాం. కదిలిన ఇసుక వల్ల నీళ్ళు కడుగు నీళ్ళలా తయారయ్యాయి. ముందు రాళ్ళు పోయేసరికి బొట్టుచేప వెనక గుట్టలోని కంతను స్థావరం చేసుకుని, అక్కడి నుంచి దూసుకువచ్చి క్లౌన్ జంటలోని మగదాన్ని అద్దం ఈ చివరి నుంచి ఆ చివరిదాకా తరుముతూనే ఉంది. ఆ మగదానికి దాక్కునేందుకు ఒక్క రాయి కూడా లేదు. పది అయింది, పన్నెండు అయింది. మీ నంబరుకు పదకొండుసార్లు చేశాను. సాయంత్రం అయిదు దాటాక ఒకరు ఎత్తి, బోనాలు కదా సార్, రోడ్లు మూసేశారు అని చెప్పారు. నేను రాత్రి పదిన్నర వరకు రాళ్ళు తిరిగి పేర్చి, నీళ్ళు పోస్తూ కూర్చున్నాను.

ఆ మగ చేప మూడో రోజు చనిపోయింది. తోక చీలికలు చీలికలై, తిండి మానేసి, బుధవారం పొద్దున పంపు జాలీకి అతుక్కుని కనిపించింది. మోకాలి ఆపరేషన్ అయిన దగ్గర నుంచి మా అమ్మ ప్రొద్దుటి కాఫీ ట్యాంకు ముందే తాగుతుంది. ఆ జంటను ఆలుమగలని పిలిచేది. క్లౌన్ చేపల్లో పెద్దది ఆడది, చిన్నది మగది అని నేను చెబితే నవ్వేది. మర్నాటి నుంచి ఆమె కుర్చీని కిటికీ వైపు తిప్పించుకున్నది. నేను ఆ చేప ఖరీదు అడగడం లేదు. దాని ఖరీదు గురించి మీ వాళ్ళు ఫోన్ చేయనక్కర్లేదు.

జూలై 26న మీ నుంచి ఒక సందేశం వచ్చింది. నా ఫిర్యాదు సంతృప్తికరంగా పరిష్కారమైందని, మీ సేవకు అయిదు నక్షత్రాలకు ఎన్ని ఇస్తానో తెలపమని ఉంది. ఎవరు పరిష్కరించారు, ఏ రోజున, ఎలా అని అడగడానికి ఫోన్ చేస్తే, మూసిన ఫిర్యాదు మీద మాట్లాడే అధికారం తమకు లేదని, కొత్తది నమోదు చేయమని చెప్పారు. మేనేజరు గారి పేరైనా చెప్పమన్నాను, చెప్పకూడదన్నారు. అప్పటికి మీ సంస్థలో ఆరుగురితో మాట్లాడాను, ఆరుగురికీ మొదటి నుంచి చెప్పాను.

ఆ చేపను చివరకు నేనే పట్టాను. మాది కోనసీమ. చిన్నప్పుడు మా ఊరి కాలువలో చేపలు పట్టడానికి వెదురు బుట్టలు, మావులు అంటారు, వేసేవారు, లోపలికి వెళ్ళిన చేపకు బయటికి దారి దొరకదు. అది గుర్తుకొచ్చి రెండు లీటర్ల నీళ్ళ సీసా మెడ కోసి, కంతను చేప పట్టేంత పెద్దది చేసి, అంచులు రుద్ది నున్నన చేసి, తిరగేసి సీసాలోకి దూర్చాను. బరువుకు రెండు గులకరాళ్ళు, ఎరగా రొయ్య ముక్కలు వేసి, బొట్టుచేప దాక్కునే కంతకు ఎదురుగా ఇసుక మీద పెట్టాను. ట్యాంకులో రెండు రోజులు మేత ఆపాను. మొదటి రోజు అది సీసాను పొడిచి వెళ్ళిపోయింది. రెండో రోజు మూతి దాకా వచ్చి ఆగింది. ఆగస్టు 2 తెల్లవారుజామున అయిదున్నరకు దీపం వేస్తే లోపల తిరుగుతూ కనిపించింది. అరచేత్తో సీసా మూతి మూసి పైకి తీశాను. ఒక్క రాయి కదల్లేదు, ఒక్క బకెట్ నీళ్ళు తోడలేదు. ఏళ్ళ తరబడి చేపల వ్యాపారం చేస్తున్న మీ దగ్గర ఈ చిన్న ఉపాయం తెలిసినవారు ఒక్కరైనా ఉండి ఉంటారు. మొదటి ఫోన్‌లోనే వారితో మాట్లాడించి ఉంటే జూలై 21 మా ఇంట్లో జరిగేది కాదు.

ఇప్పుడా చేప మా వంటింటి వెనక వరండాలో, నలభై లీటర్ల టబ్బులో, చిన్న గాలి పంపుతో బతుకుతోంది. తొమ్మిది రోజులుగా రోజు విడిచి రోజు ఉప్పునీళ్ళు కలిపి మారుస్తున్నాను. దానిది ఏ తప్పూ లేదు, దాని స్వభావం అది. దాన్ని నేను చంపను, కాలువలో పారేయను. మీరు రాసిచ్చిన మాట ప్రకారం మీరే వచ్చి తీసుకువెళ్ళి, పెద్ద ట్యాంకున్న వారికి అప్పగించాలి. దాని స్వభావం గురించి మీ దుకాణంలోనూ, అమ్మకం పేజీలోనూ సరిగ్గా రాయాలి. జరిగినదానికి బాధ్యత గల వ్యక్తి తన పేరుతో, సంతకంతో నాకు జవాబు రాయాలి.

2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఫిర్యాదు అందిన నలభై ఎనిమిది గంటల్లో అందిందని తెలియజేయాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి. ఏఎంసీ డబ్బు నేను కట్టింది మీ వెబ్‌సైట్ ద్వారానే. నా మొదటి ఫిర్యాదుకు నెల ఎప్పుడో దాటింది. ఈ ఉత్తరం అందిన నలభై ఎనిమిది గంటల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి నమోదు చేయిస్తాను. పదిహేను రోజుల్లో మీ మనిషి మా ఇంటికి రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. అయిదు లక్షల లోపు కేసుకు అక్కడ రుసుము లేదు, వకీలు కూడా అక్కర్లేదు, నేనే వాదించుకుంటాను. కాల్ రికార్డులు, వాట్సాప్ సందేశాలు, బోను వీడియో, ఏఎంసీ కాగితం అన్నీ నా దగ్గర భద్రంగా ఉన్నాయి.

వచ్చే మనిషి ఆదివారం కాకుండా మరే రోజైనా సాయంత్రం ఆరు తర్వాత రావచ్చు. వచ్చే ముందు ఫోన్ చేయమనండి, ఆ చేపకు ఆ రోజు మేత వేయకుండా ఉంచుతాను.

ఇట్లు,
2018 నుంచి మీ ఖాతాదారు