ఆన్ చేయగానే రిపేర్ స్క్రీన్ దగ్గరే తిరుగుతున్న ల్యాప్‌టాప్‌లు: మా అనంతపురం కస్టమర్లకు

ఈమధ్య మా అంగడిలో పాత హార్డ్‌డిస్క్ తీయించి 256 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ (హార్డ్‌డిస్క్ బదులు వేసే, చిప్‌లలో డేటా దాచే డిస్కు) వేయించుకున్న అందరికీ ఈ మాట. మీలో కొందరి ల్యాప్‌టాప్‌లు ఆన్ చేయగానే 'ప్రిపేరింగ్ ఆటోమేటిక్ రిపేర్' అంటున్నాయి, తర్వాత 'స్కానింగ్ అండ్ రిపేరింగ్ డ్రైవ్' అని 100 శాతం దాకా పోయి, రీస్టార్టయి మళ్లీ మొదటికే వస్తున్నాయి. వైరస్ కాదు, విండోస్ ఎక్కించడంలో తేడా కాదు. ఆ ఎస్‌ఎస్‌డీలే పోతున్నాయి. సరుకు బెంగళూరు హోల్‌సేలర్‌ది. బిల్లు మాది, కాబట్టి మార్చిచ్చేది మేమే. వారంటీ దాటినా దుడ్లు తీసుకోం.

ఈ తిరుగుడు ఎందుకో చెప్తాను. ఫైల్ సిస్టమ్‌లో, అంటే ఏ ఫైల్ ఎక్కడుందో డిస్కు రాసిపెట్టుకునే పద్దులో, తేడా కనబడితే విండోస్ ఆ డ్రైవ్ మీద 'డర్టీ బిట్' అని ఒక గుర్తు పెడుతుంది. తర్వాతిసారి ఆన్ చేసినప్పుడు చెక్‌డిస్క్ అనే విండోస్ రిపేర్ ప్రోగ్రామ్ నడిచి, సరిచేసి, ఆ గుర్తు తుడిచేస్తుంది. మంచి డిస్కైతే అంతటితో అయిపోతుంది. ఈ ఎస్‌ఎస్‌డీల్లో డేటా దాచే ఫ్లాష్ చిప్‌లు అరిగిపోయి, వాటిని నడిపించే కంట్రోలర్ చదవడం ఒక్కటే చేస్తోంది, రాయడం మానేసింది. రాసేశానని విండోస్‌కి చెబుతుంది, కరెంటు తీయగానే పాత డేటానే చూపిస్తుంది. ఇక గుర్తు ఎన్నటికీ చెరగదు. మేం పరీక్షించేదీ అలాగే: రిపేర్ స్క్రీన్ నుంచి ఆదేశాలు టైపు చేసే కమాండ్ ప్రాంప్ట్‌లోకి పోయి, డిస్క్‌పార్ట్ అనే ప్రోగ్రామ్‌లో 'లిస్ట్ వాల్యూమ్' కొట్టి విండోస్ ఏ అక్షరం మీదుందో చూసి (రిపేర్ మోడ్‌లో సి కాస్తా డి అవుతుంది ఒక్కోసారి), అందులో ఒక చిన్న ఫోల్డర్ చేసి, పూర్తిగా ఆఫ్ చేసి ఆన్ చేస్తాం. ఫోల్డర్ మాయమైతే ఇక ఆ డిస్కుతో పని లేదు.

మొదట తెప్పించిన సరుకు బాగుండింది. తర్వాత వచ్చినవాటికి అదే స్టిక్కర్, అదే మోడల్ నంబర్, కేసు విప్పితే మాత్రం వేరే కంట్రోలర్. చిప్‌ల మీద పేర్లు గీకేసి ఉన్నాయి. వాడి తీసేసిన చిప్‌లు కాకపోతే పేరు గీకే పని ఎవరికి? ఆ హోల్‌సేలర్‌కి ఫోన్ చేసి అడిగితే ఆయన జవాబు: 'మీ ఊర్లో కరెంటు సరిగా ఉండదు, అందుకే పోతున్నాయి.' ల్యాప్‌టాప్‌లో అడాప్టర్ ఉంది, బ్యాటరీ ఉంది, మదర్‌బోర్డు ఆ రెండింటి నుంచీ 5 వోల్టులు చేసి డిస్కుకిస్తుంది. మా ఊరి కరెంటే కారణమైతే, ఇదే ఊర్లో, ఇవే ఇళ్లలో మేం వేసిన వేరే కంపెనీల డిస్కులు కూడా పోవాలి కదా. పోలేదు. ఆ మాట నాకు బాగా గుచ్చుకుంది, దాయను.

చివరికి డబ్బు వాపసిస్తానన్నాడు, పాత డిస్కులన్నీ పంపితేనే అని. నిద్ర పట్టనిది ఇక్కడే. రాయడం మానేసిన డిస్కుని ఫార్మాట్ చేయలేం, తుడవలేం, అందులో ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. చదవడం మాత్రం ఎవరైనా చదవొచ్చు. మీ ఆధార్, పాన్ స్కాన్‌లు, ధర్మవరం చీరల అంగళ్ల ట్యాలీ లెక్కలు, జేఎన్‌టీయూ పిల్లల ప్రాజెక్టులు, పెళ్లి ఫోటోలు, అన్నీ ఒక అట్టపెట్టెలో పెట్టి ఆయనకు పంపాలా? నష్టం చిన్నది కాదు, ఇంట్లోవాళ్లు కూడా పంపేయమనే అన్నారు. పంపలేదు, పంపను. పాత డిస్కు మీ చేతికే ఇస్తాం. వద్దంటే మీ కళ్లముందే చిప్‌లు డ్రిల్‌తో తూట్లు పొడుస్తాం.

ఇప్పుడు మీరు చేయాల్సింది. శాతం కదులుతుంటే చార్జర్ పెట్టి ఒక్కసారి పూర్తికానివ్వండి. పాత హార్డ్‌డిస్కుల్లో గంటలు పడుతుంది, ఒకే అంకె దగ్గర చాలాసేపు నిలబడినా ఆగిపోయిందని కాదు. పూర్తయ్యాక మళ్లీ అదే వస్తే పవర్ బటన్ పది సెకన్లు నొక్కి ఆఫ్ చేసి, అంతటితో వదిలేయండి. 'రీసెట్ దిస్ పీసీ' జోలికి పోవద్దు, చావబోయే డిస్కు మీద అది మళ్లీ విండోస్ మొత్తం రాయాలని చూస్తుంది. వీడియోలు చూసి చెక్‌డిస్క్‌కి '/ఆర్' తగిలించి కొట్టొద్దు. డిస్కు మొత్తం ప్రతి సెక్టారూ చదివిస్తుంది, చెడిన హార్డ్‌డిస్కు ఆ దెబ్బకే పోవచ్చు. ముందు కాపీ, తర్వాతే రిపేర్. మేం విండోస్ బదులు లినక్స్ ఉన్న పెన్‌డ్రైవ్‌తో ల్యాప్‌టాప్ ఆన్ చేసి, డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్‌తో కాపీ తీస్తాం. అది బాగున్న భాగాలు ముందు లాగేసి, మొండికేసినవాటి దగ్గరికి చివర్లో వస్తుంది.

విండోస్ 11 వాళ్లు రొంత జాగ్రత్త. చాలావాటిలో బిట్‌లాకర్ (డిస్కులో ఉన్నదానికి తాళం వేసే విండోస్ ఏర్పాటు) మీకు తెలియకుండానే ఆన్ అయి ఉంటుంది. 48 అంకెల రికవరీ కీ లేకపోతే కాపీ తీసినా తెరుచుకోదు. వచ్చేముందు ఫోన్‌లో మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్ తెరిచి అది రాసుకుని రండి.

రిపేర్ స్క్రీన్ వచ్చిన ప్రతిదీ ఈ ఎస్‌ఎస్‌డీ గొడవే అనుకోవద్దు. స్మార్ట్ రిపోర్టులో (డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్క) 199వ నంబర్ వరసలో అంకె పెరుగుతుంటే డిస్కుని బోర్డుకి కలిపే సాటా రిబ్బన్ వదులై ఉంటుంది, తుడిచి గట్టిగా పెడితే చాలు. హార్డ్‌డిస్కులో 5, 197 నంబర్ల వరసల్లో అంకెలు పెరుగుతుంటే బ్యాడ్ సెక్టార్లు, అంటే డిస్కులో చెడిపోయిన చోట్లు. డిస్కు బాగుండి అప్‌డేట్ సగంలో ఆగినా ఇలాగే తిరుగుతుంది, అది కమాండ్‌తో వెనక్కి తీసేయొచ్చు.

ఇంకా బాగా నడుస్తున్న ఎస్‌ఎస్‌డీలను కూడా మార్చేస్తాం. బిల్లు మీద సీరియల్ నంబర్ రాసి ఉంటుంది, ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టండి, ఆ సరుకుదా కాదా చెప్తాం. గుత్తి, తాడిపత్రి, కళ్యాణదుర్గం వైపు వాళ్లు ఊరికే బస్సెక్కి రావద్దు, జవాబు వచ్చాక రండి. చార్జర్ మర్చిపోవద్దు. ఇకమీదట వేసేవి కంపెనీవే, ధర పెరుగుతుంది, బేరం ఆడొద్దు. లేబర్ చార్జీ పాతదే.