ముందు అక్కకి ఫోన్ చెయ్యి

నాన్నా,

నిన్న రాత్రి నువ్వు ఫోన్ పెట్టేశాక అక్క చాలాసేపు ఆ ఫోన్ చేతిలో పట్టుకునే కూర్చుంది. నువ్వు ఏదో టైప్ చేస్తున్నట్టు స్క్రీన్ మీద కనపడడం, ఆగిపోవడం, మళ్ళీ కనపడడం, మళ్ళీ ఆగిపోవడం, ఇలా నాలుగైదు సార్లు జరిగింది. చివరికి ఏ మెసేజూ రాలేదు. ఏం రాసి చెరిపేశావో నాకు తెలీదు గానీ, చెరిపేసినందుకు మాత్రం దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను.

నిన్ను తిట్టడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. అక్క అన్న మాట తప్పే, అది తనకి విడిగా చెప్పాను. నీకు కోపం రావడమే పాపమని కూడా అనను. ఈ విషయంలో మన విశ్వాసుల ఇళ్ళల్లో పిల్లలకి సరిగ్గా నేర్పడం లేదని నాకు ఎప్పటినుంచో బాధ. కోపం వస్తే చాలు సాతాను పని అని నోరు మూయిస్తాం, వాళ్ళు చర్చిలో అందరికీ నవ్వుతూ వందనాలు చెప్పి ఇంటికొచ్చి తలుపులు ధడేలుమని వేస్తారు. పౌలు రాసింది "కోపపడుడి గాని పాపము చేయకుడి" అని. కోపం వస్తుందని ఆయనకి తెలుసు, అందుకే దానికి గడువు పెట్టాడు, సూర్యుడు అస్తమించేదాకా అని, ఆ వెంటనే అపవాదికి, అంటే సాతానుకి, చోటియ్యవద్దని కూడా రాశాడు.

ఆ గడువు దాటినవాణ్ణి నేను. మీ చిన్నప్పుడు బాబాయితో పదకొండు నెలలు మాట్లాడలేదు. అరవలేదు, తిట్టలేదు కాబట్టి నాలో కోపం లేదనే అనుకున్నాను. ఆ పదకొండు నెలలూ చర్చిలో ప్రభు బల్ల దగ్గర రొట్టె కోసం చెయ్యి చాపాను కూడా. ఒక ఆదివారం మత్తయి ఐదో అధ్యాయం చదువుతున్నారు, అర్పణ బలిపీఠం దగ్గరే వదిలిపెట్టి వెళ్ళి సమాధానపడమన్న మాట, అప్పటికి ఎన్నిసార్లు విన్నానో. కానీ ఆ రోజు ఒకచోట ఆగిపోయాను. "నీమీద నీ సహోదరునికి విరోధమేమైనను కలదని" జ్ఞాపకం వస్తే అని ఉంది, అతని మీద నీకు అని లేదు. తప్పెవరిదో తేలేదాకా ఆగమని యేసయ్య చెప్పలేదు. ఆ సాయంత్రమే వెళ్ళాను. బాబాయి తలుపు తీసి నన్ను చూసి, ఏమీ అనకుండా పక్కకి జరిగి దారి ఇచ్చాడు. ఆ గొడవలో తప్పెవరిదో మేమిద్దరం ఇప్పటికీ తేల్చుకోలేదు.

కోపాన్ని ఏం చెయ్యాలి మరి, మింగెయ్యాలా అని అడుగుతావు. మింగొద్దు. తర్వాత తమ్ముణ్ణి చంపిన కయీనుని దేవుడు "నీకు కోపమేల?" అని అడిగాడు చూడు, అప్పటికింకా హత్య జరగలేదు, ఆయన శిక్షించడానికి రాలేదు, అడగడానికి వచ్చాడు. కయీను జవాబు చెప్పినట్టు లేదు. సరాసరి తమ్ముడి దగ్గరికి వెళ్ళాడు. యోనా ప్రవక్తనీ దేవుడు అలాగే అడిగాడు, నీకు ఇంత కోపం న్యాయమా అని. యోనా మొండిగా, చచ్చేంత కోపం రావడం నాకు న్యాయమే అన్నాడు. దేవుడి ముఖాన అంత మాట అన్నా దేవుడు ఆయనతో మాట్లాడుతూనే ఉన్నాడు! నాకు దీనిలో ఎంత ధైర్యం దొరికిందో చెప్పలేను. ప్రార్థనలో మర్యాద మాటలే వాడాలని లేదు నాన్నా. గదిలోకి వెళ్ళి, మనిషితో అనబోయిన మాట ముందు ఆయనతో అను, ఎందుకు కోపం వచ్చిందో పైకే చెప్పు. చెబుతూ ఉంటే చాలాసార్లు కోపం కింద ఇంకేదో బయటపడుతుంది, నలుగురిలో చిన్నబోవడమో, నన్ను ఎవరూ లెక్కచెయ్యడం లేదన్న బాధో.

ఇంకొకటి. పోయిన వారం నువ్వు ఆఫీసు సంగతి చెబుతూ, అరిస్తేనే పని జరిగింది నాన్నా అన్నావు. అప్పుడు ఏమీ అనలేదు గానీ ఆ మాట నన్ను వదలడం లేదు. సంఖ్యాకాండం 20వ అధ్యాయం తీసి చూడు. జనం నీళ్ళు లేక గొడవ చేస్తుంటే, బండతో మాట్లాడు నీళ్ళు వస్తాయని దేవుడు చెబితే మోషే జనాన్ని ద్రోహులారా అని, కర్రతో బండని రెండుసార్లు కొట్టాడు. నీళ్ళు రాలేదా? వచ్చాయి, సమృద్ధిగా వచ్చాయి, జనమూ పశువులూ తాగారు. కొట్టడం వల్లే వచ్చాయని చూసినవాళ్ళు అనుకొని ఉంటారు. కానీ ఆ ఒక్క రోజుతో మోషేకి వాగ్దాన దేశంలో అడుగుపెట్టే భాగ్యం పోయింది. అదే పుస్తకం 12వ అధ్యాయంలో భూమి మీద అందరికంటే సాత్వికుడని రాయబడినవాడు ఆయన. కోపంతో జరిగిన పనిని చూసి కోపం మంచిదేనని లెక్క వేసుకోకు, నాకు అన్నిటికంటే అదే భయం.

మనం ముక్కు మీద కోపం అంటాం కదా, హీబ్రూలో కూడా ముక్కుకీ కోపానికీ ఒకటే మాటట, 'అఫ్' అని. దేవుడు దీర్ఘశాంతుడు అని మన బైబిల్లో ఉన్నచోట ఆ భాషలో అక్షరాలా 'పొడవైన ముక్కు గలవాడు' అని ఉంటుంది, అంటే త్వరగా కోపపడనివాడని. ఇది తెలిసినప్పటినుంచి కోపం పొంగినప్పుడల్లా నేను ఊపిరి నిదానంగా, పొడుగ్గా వదులుతాను, ఒకటికి నాలుగుసార్లు. ఆ కాస్త ఆలస్యంలోనే ఎన్నో మాటలు నా నోట్లో ఆగిపోయాయి.

యేసయ్యకి కోపం రాలేదా అంటావేమో. వచ్చింది, సమాజమందిరంలో ఊచచెయ్యి, అంటే ఎండిపోయిన చెయ్యి గలవాణ్ణి బాగుచేస్తే నేరం మోపుదామని కనిపెడుతున్నవాళ్ళ మీద. మార్కు ఆ కోపం పక్కనే ఆయన దుఃఖపడ్డాడని కూడా రాశాడు. తర్వాత ఆయన చేసిన పని ఆ చెయ్యి బాగుచేయడం. నీ కోపంలో అక్క కోసం దుఃఖం ఏమైనా ఉందా, చూసుకో.

ఇది చదివాక నాకు ఫోన్ చెయ్యొద్దు, నేను ఎదురుచూడను. ముందు అక్కకి చెయ్యి. ఎవరిది తప్పో మొదలుపెట్టకు, ఎలా ఉన్నావక్కా అని అడిగితే చాలు. రాత్రి పదిన్నర దాకా మెలకువగానే ఉంటుంది, ఫోన్ పక్కనే పెట్టుకుంటోంది.

నాన్న