పూజగది సీలింగ్‌లో చెమ్మ: తప్పు మాదే

నమస్కారమండీ. గుంటూరులో మా చేత ఇల్లు కట్టించుకున్నవాళ్లకీ, ఇప్పుడు కట్టిస్తున్నవాళ్లకీ ఈ నాలుగు మాటలు. గృహప్రవేశం ఫొటోలు మాత్రం మర్నాడే పెట్టేస్తాం కదా, ఇది చెప్పడానికి ఇన్నాళ్లు తాత్సారం చేశాను.

2021లో ఒక రిటైర్డ్ టీచరుగారికి రెండంతస్తుల ఇల్లు కట్టి తాళాలిచ్చాం. రెండేళ్లకి కింద పూజగది సీలింగ్ మీద అరచెయ్యంత మరక కనిపించింది. వాన చెమ్మేనమ్మా, ఆరిపోతుంది అన్నాను. వానలు పోయాయి, సంక్రాంతి వచ్చింది, మరక మాత్రం పళ్లెమంత అయింది. సరిగ్గా దాని పైనే బాత్రూమ్. మనిషిని పంపి టైల్స్ సందుల్లో వైట్ సిమెంటు పెట్టించాను. నెల తిరక్కుండా పెచ్చులు రాలడం మొదలైంది. మళ్లీ వైట్ సిమెంటే. మూడోసారి ఆవిడ ఫోన్ చేసినప్పుడు "అది ప్లంబర్ పొరపాటమ్మా, అతను ఇప్పుడు మా దగ్గర లేడు" అనేశాను. "నేను డబ్బులిచ్చింది నీకా, ప్లంబర్‌కా బాబూ?" అని అడిగి పెట్టేశారు. పది రోజులకి లాయర్ నోటీసు వచ్చింది.

నోటీసు చూడగానే అగ్రిమెంటు తీశాను. అందులో ఏడాది గ్యారంటీ అని ఉంది, ఏడాది ఎప్పుడో దాటింది. గట్టెక్కామనుకుని లాయరుగారి దగ్గరికెళ్తే ఆయన నా కాగితం పక్కన పెట్టేశారు. రెరా చట్టంలో (ఫ్లాట్లు కట్టి అమ్మే బిల్డర్లకి పెట్టిన చట్టం) 14వ సెక్షన్ చదివారు: ఫ్లాటు స్వాధీనం చేసిన 5 ఏళ్లలోపు కట్టుబడిలో గానీ పనితనంలో గానీ లోపం బయటపడితే, కొన్నవాళ్లు చెప్పిన 30 రోజుల్లోగా బిల్డరు పైసా తీసుకోకుండా బాగుచేయాలి. లేదంటే నష్టపరిహారం కట్టాలి. మనది వాళ్ల సొంత స్థలంలో కాంట్రాక్టుకి కట్టిన విడి ఇల్లు కదండీ, రెరాతో పనేముంది అన్నాను. నిజమే, రెరా రాదు, వినియోగదారుల చట్టం వస్తుంది అన్నారు. ఇల్లు కట్టిపెట్టడం కూడా సేవే అని సుప్రీంకోర్టు 1993లోనే లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో తేల్చిందట. 2019 చట్టంలో సేవలు ఏమిటో చెప్పే చోట గృహనిర్మాణం పేరు పెట్టి రాసే ఉంది. ఇచ్చిన డబ్బు 50 లక్షలు దాటకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు. సమస్య తలెత్తిన రెండేళ్లలోపు వేయాలి. మీకు ఉపయోగపడే సంగతి కాబట్టి, నా మీదే వాడతారేమో అని దాచకుండా చెబుతున్నాను.

నిర్లక్ష్యం అంటే తెలిసి తెలిసి చెడగొట్టడం అనుకునేవాణ్ని. అంత అక్కర్లేదట. ఆ పని వచ్చినవాడెవడైనా మామూలుగా తీసుకునే జాగ్రత్త నేను తీసుకోకపోతే చాలు, నిర్లక్ష్యమే. ప్లంబరైనా మేస్త్రీ అయినా నేను పెట్టుకున్న మనిషే, అతని తప్పుకి ఇంటివాళ్లకి జవాబు చెప్పాల్సింది నేనే. అతనితో నేను తర్వాత తేల్చుకోవచ్చు, అది వేరే గొడవ.

టైల్స్ పగలగొట్టించిన రోజు పక్కనే నిలబడ్డాను. బాత్రూమ్ కింద స్లాబు పల్లంగా ఉంటుంది, ఆ గుంటలో పైపులు వేసి నింపుతారు. నింపే ముందు లోపల వాటర్‌ప్రూఫ్ కోటింగ్ వేయాలి, గోడ మీదకి కూడా అడుగెత్తు లాగాలి. మాది గోడ మొదట్లోనే ఆగిపోయింది. నహాని ట్రాప్ (బాత్రూమ్ నేల మీది నీళ్లు బయటికి పోయే చోటు) చుట్టూ బ్రష్ తగిలిన గుర్తే లేదు. పైగా ఇటుక ముక్కలూ, సగం సిమెంటు సంచీ గుంటలోనే పడేసి కప్పేశారు. ఫోన్‌లో ఆ వారం ఫొటోలు వెతికితే అసలు విషయం దొరికింది. కోటింగ్ ఆరాక గుంటలో నీళ్లు నింపి రెండు రోజులు చూడాలి, ఆ పరీక్షే చేయలేదు. టైల్స్ మేస్త్రీ మర్నాడు రాకపోతే మళ్లీ పది రోజులు దొరకడని నేనే కానిచ్చేయమన్నాను. కాబట్టి ప్లంబర్ పొరపాటు అన్న మాట వెనక్కి తీసుకున్నాను, టీచరుగారి ఇంటికి వెళ్లి మరీ. ఆవిడ కాఫీ ఇచ్చారు గానీ నోటీసు మాత్రం పని పూర్తయ్యాకే వెనక్కి తీసుకుంటామన్నారు. తీసుకున్నారు కూడా. మొత్తం 1,14,000 అయింది, పూజగది పెయింటుతో కలిపి.

అదే కూలీల జట్టు మరో తొమ్మిది ఇళ్లలో బాత్రూమ్‌లు చేసింది. ఆ తొమ్మిది ఇళ్లవాళ్లకీ నేనే ఫోన్ చేస్తాను. మరక లేకపోయినా చూస్తాం, లోపం దొరికితే ఖర్చు మాదే.

ఇకపై రాసే ప్రతి అగ్రిమెంటులో ఏడాది మాట తీసేసి, రెరాలో ఉన్నట్టే 5 ఏళ్లు అని రాస్తున్నాం. నీళ్ల పరీక్ష వీడియో, స్లాబు కాంక్రీటుతోనే పోసిన క్యూబులు 28 రోజులకి ఎంత గట్టిపడ్డాయో చూసిన రిపోర్టు తాళాలతో పాటు మీ చేతికిస్తాం. క్యూరింగ్ గురించి, అంటే కాంక్రీటు గట్టిపడేదాకా తడిగా ఉంచడం గురించి కూడా ఒక మాట. మనం వాడే పీపీసీ (బూడిద కలిపిన) సిమెంటుకి స్లాబు మీద మడులు కట్టి 10 రోజులు నీళ్లు నిలపాలి. ముహూర్తం దగ్గర పడిందని ఆరో రోజే గోడలు లేపమంటే ఇక లేపను, కోపం తెచ్చుకోవద్దు. వీటన్నిటి వల్ల కొత్త ఇళ్లకి అడుగుకి 60 రూపాయలు పెంచుతున్నాను. పాత అగ్రిమెంట్లకి పాత రేటే.

అన్నీ నా నెత్తిన వేసుకోలేను, అదీ చెప్పాలి. రెండంతస్తులకి వేసిన పునాది మీద మూడోది లేపినా, ఏసీ పైపు కోసం బీముకి కన్నం కొట్టినా నేను పూచీ పడను. కిందటేడాది ఒకాయన పిల్లర్‌ని చెక్కి అందులో స్విచ్ బోర్డు పెట్టించి, పగులొచ్చిందని నన్ను పిలిచారు.

ఇక ఆ తొమ్మిది ఇళ్లవాళ్లకి: తనిఖీకి బాత్రూమ్ మూడు రోజులు వాడకుండా ఉంచాలి. ట్రాప్ మూసి అంగుళమెత్తు నీళ్లు పెడతాం, కింద సీలింగ్ రోజూ పొద్దునా సాయంత్రం చూస్తాం. ఇంట్లో ఒక్కటే బాత్రూమ్ ఉన్నవాళ్లు మీరు ఊరెళ్లే వారమేదో చెప్పండి. తాళం పక్కింట్లో ఇచ్చి వెళ్తే చాలు.