పిల్లల మాటలకు చోటు: మన కాలనీ సంక్షేమ సంఘం 2025-26 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

మామూలు పనులు ముందుగా చెప్పేస్తాను. కాలువల్లో పూడిక తీయించాం. పార్కులో దీపాలు బాగుచేయించాం. వినాయక చవితి ఏ గొడవా లేకుండా జరిగింది. జమాఖర్చులు కోశాధికారిగారు విడిగా చదువుతారు. మిగతా నివేదికంతా మన పిల్లల గురించే.

ఎనిమిదో తరగతి నుంచి డిగ్రీ దాకా చదివే పిల్లలు ఆదివారం సాయంత్రం కమ్యూనిటీ హాల్లో కలిసి మాట్లాడుకునే ఏర్పాటు చేయాలని కిందటేడు అనుకున్నాం. మొదట్లో వచ్చినవాళ్లు ఒద్దికగా కూర్చుని, సమోసా తిని వెళ్లిపోయేవారు. చివరికి ఒక అబ్బాయి అసలు సంగతి చెప్పాడు: "ఇక్కడ ఏటి చెప్పినా రాత్రికి మా ఇంట్లో తెలిసిపోద్ది అంకుల్."

వాళ్లు నోరు విప్పింది సింహాచలం గిరి ప్రదక్షిణ రోజున. 2025 జూలై 9న, 32 కిలోమీటర్ల దారిలో సీతమ్మధార వైపు వచ్చే భక్తులకు మన పిల్లలే మంచినీళ్లు, మజ్జిగ అందించారు. చేతిలో పని ఉంటే ఎవరి ముఖంలోకీ చూడక్కర్లేదు. మజ్జిగ కలుపుతూ ఒకరు మొదలుపెడితే, గ్లాసులు సర్దుతూ ఇంకొకరు అందుకున్నారు. ఆ తర్వాత హాలు మానేశాం. ఆదివారం పొద్దున్నే, బండ్లు రానివ్వని వేళలో ఆర్కే బీచ్ రోడ్డులో నడుస్తూ మాట్లాడుకుంటున్నారు. రిటైరైన టీచరమ్మ ఒకరు, సైకాలజీ చదివిన మన కాలనీ అమ్మాయి ఒకరు వెంట ఉంటున్నారు.

వాళ్ల బాధలు మనం ఊహించినవి కావు. మనం చదువుల టెన్షన్ అనుకున్నాం. వాళ్లు ఎక్కువగా చెప్పింది స్నేహాల గురించి. వారం పరీక్షలో మార్కులు తగ్గితే సెక్షన్ మారుస్తారు. పదేళ్లు ఒకే బెంచీ మీద కూర్చున్న స్నేహితులు విడిపోతారు, పై సెక్షన్‌లో ఉన్నవాడు మాట్లాడటం తగ్గిస్తాడు. వాట్సాప్ గ్రూపులోంచి తీసేశారని ఒకమ్మాయి రెండు రోజులు అన్నం తినలేదు. ఇంట్లో "ఇంత చిన్నదానికా?" అన్నారట. ఆ వయసులో అది చిన్నది కాదు. నేవీ బదిలీల మీద వచ్చే పిల్లలకి ఇంకో రకం కష్టం: ఇక్కడ స్నేహం కుదిరేసరికి సామాను సర్దాలి. నాన్న నైట్ షిఫ్ట్ అయితే ఆ వారమంతా ఇంట్లో గట్టిగా నవ్వడానికి కూడా లేదు. గొంతు మారిందనో, మొటిమలు వచ్చాయనో చుట్టాలు అందరి ముందూ అనే మాటలు ఎంత గుచ్చుకుంటాయో మగపిల్లలు కూడా చెప్పారు.

2025 జూలై 25న సుప్రీంకోర్టు మన విశాఖలో ఒక విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులోనే విద్యార్థుల మానసిక ఆరోగ్యం మీద దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వంద, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఉండాలి. మార్కులను బట్టి బ్యాచ్‌లు వీలైనంతవరకు విడదీయకుండా చూడాలి. సహాయవాణి నంబర్లు హాస్టళ్లలో, తరగతుల్లో పెద్ద అక్షరాలతో పెట్టాలి. మీ పిల్లల కాలేజీలో ఇవి ఉన్నాయా అని ఈసారి ఫీజు కట్టేటప్పుడు అడగండి. తల్లిదండ్రులు నలుగురు కలిసి అడిగితే జవాబు వస్తుంది.

ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కి రాత్రీ పగలూ ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు. పిల్లల రక్షణకి 1098. వైద్యం అవసరమైతే వాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఎవరైనా చూస్తారేమోనని వెనకాడొద్దు. తోడు కావాలంటే మేం వస్తాం.

ఇక ఒక తీర్మానం. నడకలో పిల్లలు చెప్పింది తల్లిదండ్రులకు కూడా చెప్పకూడదన్న నియమం మీద కొందరు సభ్యులు అభ్యంతరం చెప్పారు. కన్నవాళ్లుగా వారి ఆందోళన నాకు అర్థమవుతుంది. కానీ ఆ నియమం లేకపోతే పిల్లలు మళ్లీ సమోసా తిని వెళ్లిపోతారు. మినహాయింపులు రెండు: ప్రాణానికి ముప్పు ఉందనిపిస్తే ఇంట్లో వెంటనే చెబుతాం. పద్దెనిమిదేళ్లలోపు వాళ్ల మీద లైంగిక వేధింపు సంగతి తెలిస్తే 2012 పోక్సో చట్టం ప్రకారం ఫిర్యాదు చేసి తీరాలి, చేస్తాం. ఈ మేరకు నియమాన్ని సంఘం నిబంధనల్లో చేర్చాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. చర్చ తర్వాత చేతులెత్తి మీ అభిప్రాయం తెలపండి.

కార్యదర్శి