ఈవెంట్స్‌కి ఏడు వారాలు చాలవు

సంపాదకుల వారికి నమస్కారం.

కానిస్టేబుల్, ఎస్సై, గ్రూప్స్ అభ్యర్థుల కోసం మీ చదువు పేజీలో వేస్తున్న బిట్లు, మోడల్ పేపర్లు బాగుంటున్నాయి. కానీ ఆ పేజీ చదివితే ఖాకీ ఉద్యోగం మొత్తం జీకే బిట్ల మీదే నడుస్తుందేమో అనిపిస్తుంది. మెయిన్స్‌కి సరిపడా చదువు ఉండి కూడా, ప్రిలిమ్స్‌కీ మెయిన్స్‌కీ మధ్యలో ఈవెంట్స్ (పరుగు, లాంగ్ జంప్, గుండు లాంటి దేహదారుఢ్య పరీక్షలు) దగ్గర రాలిపోయేవాళ్లు ఎందరో. ప్రిలిమ్స్ ఫలితాలొచ్చాక గానీ మనవాళ్లు బూట్లు కొనరు, అదీ సంగతి.

తేదీలే చూడండి. తెలంగాణలో 2022 నోటిఫికేషన్‌కి ప్రిలిమ్స్ ఫలితాలు అక్టోబర్ 21న వచ్చాయి, ఈవెంట్స్ డిసెంబర్ 8న మొదలయ్యాయి. మధ్యలో ఉన్నవి 48 రోజులు. ఏడాది పాటు కుర్చీలోంచి లేవని మనిషి ఏడు వారాల్లో 1600 మీటర్లకి సిద్ధం కావాలంటే పిక్కలు పట్టేస్తాయి, మోకాలి కింద ముందు ఎముక వెంట నొప్పి మొదలవుతుంది. గ్రౌండ్‌లో దాన్ని షిన్ పెయిన్ అంటారు. అది వచ్చిందంటే రెండు మూడు వారాలు మంచానికే, ఇక మిగిలేదేముంది? ఆంధ్రప్రదేశ్‌లో దీనికి పూర్తిగా ఎదురు. 2023 జనవరి 22న కానిస్టేబుల్ ప్రిలిమ్స్ రాసినవాళ్లకు ఈవెంట్స్ 2024 డిసెంబర్ 30న గానీ మొదలు కాలేదు. తేదీ మన చేతిలో లేదు కాబట్టి నోటిఫికేషన్ ఉన్నా లేకున్నా వారానికి మూడు పూటలు గ్రౌండ్‌లో ఉండటం తప్ప వేరే దారి లేదు. ఆ మూడు పూటలకు పోయేది నాలుగు గంటలు, దానివల్ల సిలబస్ ఏమీ ఆగిపోదు.

అన్నిటికంటే ముందు ఎత్తు. జనరల్ కోటా మగవాళ్లకు 167.6 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 152.5. కోచింగ్ ఫీజు కట్టే ముందు రోజు గోడకి మడమలు, పిరుదులు, వీపు ఆనించి, చూపు నేరుగా ఉంచి, నెత్తి మీద అట్ట పెట్టి కొలిపించుకోవాలి. పొద్దున లేవగానే ఒకసారి, సాయంత్రం ఒకసారి. రోజంతా నిలబడ్డాక ఎవరికైనా సెంటీమీటరు దాకా తగ్గుతుంది, కాబట్టి సాయంత్రపు కొలతనే నమ్మాలి. ఇరవై రెండేళ్లు దాటాక పౌడర్లతో ఎత్తు పెరగదు. అవి అమ్మేవాళ్లకి డబ్బులివ్వకండి.

ఇక 1600 మీటర్లు. తెలంగాణలో మగవాళ్లకు గడువు 7 నిమిషాల 15 సెకన్లు, అంటే 435 సెకన్లు. 400 మీటర్ల ట్రాక్ మీద నాలుగు రౌండ్లు, రౌండుకి 108 సెకన్లు. ఇది పెద్ద వేగమేం కాదు. అయినా ఎందుకు పోతున్నారంటే, విజిల్ పడగానే గుంపుతో పాటు ఉరికి మొదటి రౌండు 80 సెకన్లలో కొట్టేస్తారు. రెండో రౌండు ఊపులో సాగుతుంది, మూడో రౌండులో కాళ్లు సీసంలా బరువెక్కి ఆ రౌండు ఒక్కటే 130 దాటుతుంది. ఇక నాలుగోదానికి శక్తి మిగలదు. మొదటి రౌండు 100 సెకన్లకు తక్కువ కాకుండా పట్టి ఉంచడం నేర్చుకుంటే సగం పని అయినట్టే. ప్రాక్టీసులో 6 నిమిషాల 45 సెకన్లు పడేదాకా ఈవెంట్స్‌కి సిద్ధమని అనుకోవద్దు. ఆ అరనిమిషం చలికీ, గుంపుకీ, భయానికీ పోతుంది.

వారంలో ఒక రోజు ఐదారు కిలోమీటర్లు మాట్లాడుకుంటూ పరిగెత్తగలిగే నెమ్మదితో. ఒక రోజు 400 మీటర్లు ఆరుసార్లు, ఒక్కోటి 100 సెకన్లలో, మధ్యలో నిమిషంన్నర నడక. మూడో రోజు లాంగ్ జంప్, గుండు (షాట్‌పుట్). వారం వారం పరుగు దూరం పదో వంతుకు మించి పెంచకూడదు. షిన్ పెయిన్‌కి అసలు మందు అదే.

మరో చిన్న లెక్క చాలామందికి తెలియదు. మలుపుల్లో పక్కవాణ్ని దాటాలని ఒక మీటరు బయటగా పరిగెత్తితే రౌండుకి 6.28 మీటర్లు అదనం. నాలుగు రౌండ్లూ అలాగే పోతే 25 మీటర్లు, అంటే దాదాపు ఏడు సెకన్లు ఊరికే పోసినట్టు. దాటితే నేరుగా ఉన్న చోటే దాటాలి. రోడ్డు మీద బండి మీటరు చూసి 1600 కొలుచుకునేవాళ్లకీ ఇదే మాట: ఆ మీటరు వంద మీటర్లు అటూ ఇటూ చూపినా మీకు తెలియదు, ఈవెంట్స్ రోజున గానీ బయటపడదు.

లాంగ్ జంప్ మగవాళ్లకు 4 మీటర్లు, ఆడవాళ్లకు 2.5. ఇక్కడ జనం ఓడేది కాళ్ల బలంలో కాదు, దూకడానికి లేచే గీత దగ్గర. బూటు మొన గీత దాటితే ఫౌల్. ఆ భయంతో ఒక జానెడు ముందే లేస్తే 4.15 దూకినవాడికి కూడా 3.95 పడుతుంది. కొలత మనం లేచిన చోటు నుంచి కాదు, గీత నుంచి. గీతకి ఇసుకలో దగ్గరగా పడిన గుర్తు దాకా కొలుస్తారు కాబట్టి, దిగాక వెనక్కి చెయ్యి ఆనించినా ఆ చెయ్యి దగ్గరికే టేపు పెడతారు. మందు ఇది: గీత దగ్గర నిలబడి పిట్‌కి (ఇసుక గుంటకి) వీపు పెట్టి, దానికి దూరంగా 14 అంగలు పూర్తి వేగంతో పరిగెత్తండి. పద్నాలుగో అంగ పడిన చోట గుర్తు పెట్టి, అక్కణ్నుంచి గీత దాకా బూటుకి బూటు ఆనించి ఎన్ని పాదాలో లెక్కించి రాసుకోండి. ఏ ఊరి గ్రౌండ్‌కి వెళ్లినా అదే లెక్క, అదే బూట్లు. కొత్త బూట్లతో వెళ్తే లెక్క తప్పుతుంది, పైగా బొబ్బలు.

గుండు మగవాళ్లకు 7.26 కిలోలది 6 మీటర్లు, ఆడవాళ్లకు 4 కిలోలది 4 మీటర్లు. మేం చూసినంతలో 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో సులువుగా లాగే అమ్మాయిలు కూడా గుండు దగ్గర తడబడతారు, బంతి విసిరినట్టు విసురుతారు కనుక. గుండు అరచేతిలో కాదు, వేళ్ల మొదళ్ల మీద కూర్చోవాలి. మెడకి, దవడకి ఆనించి ఉంచి, మోకాళ్లు వంచి లేస్తూ తోయాలి. చెయ్యి భుజం వెనక్కి వెళ్లిందంటే ఫౌలే, మోచెయ్యి కూడా పోతుంది. విసిరాక వృత్తం ముందు నుంచి బయటికి నడిచినా ఫౌలేనని గుర్తుండాలి. ఊళ్లో దొరికింది కదా అని 5 కిలోల గుండుతో నెలలు గడిపే మగపిల్లలు అసలుది చేతిలో పడగానే కంగారుపడతారు.

ఆంధ్రప్రదేశ్ అభ్యర్థులకు లెక్క వేరు: మగవాళ్లకు 1600 మీటర్లు 8 నిమిషాల్లో తప్పనిసరి, దానికి తోడు 100 మీటర్లు 15 సెకన్లలో గానీ లాంగ్ జంప్ 3.80 గానీ. ఏపీఎస్పీ (ఆంధ్రప్రదేశ్ స్పెషల్ పోలీస్) పోస్టులకైతే ఈవెంట్స్‌కి వంద మార్కులున్నాయి, రాతపరీక్ష మార్కుల్ని వందకి కుదిస్తారు. అక్కడ క్వాలిఫై అయితే చాలు అనుకునేవాడు పోస్టు వదులుకున్నట్టే.

రాతపరీక్షలో పోగొట్టుకునేవి రెండు మాటల్లో చెబుతాం. ప్రిలిమ్స్ 200 ప్రశ్నలకు 180 నిమిషాలు, ప్రశ్నకి 54 సెకన్లు. ఓఎంఆర్ షీట్‌లో ఒక్కో బబుల్‌కి ఆరు సెకన్లనుకున్నా దిద్దడానికే 20 నిమిషాలు పోతాయి. చివర్లో ఒకేసారి దిద్దుదామని పెట్టుకుంటే ఒక్క ప్రశ్న వదిలేసిన చోట నుంచి వరుస మొత్తం ఒక గడి కిందికి జరుగుతుంది. పేజీ అయిన వెంటనే ఆ పేజీ దిద్దేయాలి, బుక్‌లెట్ కోడ్ అన్నిటికంటే ముందే. ఏపీపీఎస్సీ గ్రూప్-2లో తప్పుకి మూడో వంతు కోత కాబట్టి నాలుగింట్లో ఒక్కటి కూడా కొట్టేయలేని ప్రశ్నని గుడ్డిగా దిద్దితే సగటున వచ్చేదీ పోయేదీ సున్నా. రెండు ఆప్షన్లు కొట్టేయగలిగితే మాత్రం వదలకూడదు.

సర్టిఫికెట్లు కూడా పుస్తకాల్లో ఉండవు. తెలంగాణలో 2018 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం స్థానికతకి చూసేది ఒకటి నుంచి ఏడో తరగతి దాకా చదువు. అందులో నాలుగేళ్లు ఎక్కడ చదివితే అక్కడ లోకల్. పదో తరగతి మెమో ఉంది కదా అని ధీమాగా ఉంటారు, చిన్నప్పుడు చదివిన ప్రైవేటు స్కూలు ఎప్పుడో మూతపడి ఉంటుంది. ఆ రికార్డులు ఎక్కడున్నాయో ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసులో వాకబు చేసి బోనఫైడ్లు (అక్కడ చదివినట్టు ధ్రువపత్రాలు) తెచ్చుకోవడానికి నెల పట్టినా ఆశ్చర్యం లేదు. వెరిఫికేషన్ పిలుపు వచ్చాక ఆ నెల దొరకదు.

చివరగా మీ పత్రిక ద్వారా సర్పంచులకు, హెడ్‌మాస్టర్లకు ఒక విన్నపం. హనుమకొండలో ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్ ఉంది కాబట్టి ఇక్కడి పిల్లలు అదృష్టవంతులు. మండలాల్లో ఉన్నది జిల్లా పరిషత్ హైస్కూల్ మైదానమే. అందులో 200 మీటర్ల ట్రాక్ గీయడానికి 85 మీటర్ల పొడవు, 35 మీటర్ల వెడల్పు చాలు. 50 మీటర్ల ఎడంగా రెండు మేకులు దిగ్గొట్టి, 15 మీటర్ల 92 సెంటీమీటర్ల తాడుతో రెండు చివర్లా అర్ధవృత్తాలు గీసి, వాటిని రెండు 50 మీటర్ల గీతలతో కలపాలి. ఆ గీత మీదే పరిగెత్తితే ఎనిమిది రౌండ్లకు సరిగ్గా 1600, రౌండుకి 54 సెకన్లు. పక్కన ఒక గుంట తవ్వి రెండు మూడు ట్రాక్టర్ల ఇసుక పోయించి, అసలు బరువు గుండ్లు రెండు కొనిపెట్టి, పొద్దున ఐదు నుంచి ఏడున్నర దాకా గేటు తాళం తీసి ఉంచితే చాలు. సున్నం బస్తా ఖర్చు మేం పెట్టుకుంటాం.

– కొందరు పీఈటీలు (వ్యాయామ ఉపాధ్యాయులు), కోచింగ్ అధ్యాపకులు, హనుమకొండ