పట్టా వచ్చింది సిస్టరమ్మా

ఇప్పుడే ఇంటికి చేరాం. రాత్రి పదకొండు దాటింది, కాళ్ళకున్న బురద కూడా కడుక్కోలేదు, కానీ ఈ నాలుగు ముక్కలు రాయకుండా పడుకుంటే నాకు నిద్ర పట్టదు. మా నాన్నకి అటవీ హక్కుల పట్టా వచ్చింది. రెండెకరాల నలభై సెంట్లు. నాన్న పేరు పక్కనే అమ్మ పేరు కూడా ఉంది, భార్యాభర్తలిద్దరి పేర్ల మీదే ఇవ్వాలని చట్టంలో ఉందట. అమ్మకి చదువు రాదు. తన పేరు ఎక్కడుందో చూపించమని జీపులో నాలుగుసార్లు అడిగింది, నాలుగుసార్లూ దాని మీద వేలు పెట్టి చూసుకుంది.

మాది పాడేరు దాటి బాగా లోపలికి ఉండే ఊరు. కొండదొరలం. తాతల నాటి నుంచి పోడు మీదే బతుకు, సామలు, రాగులు, కొంచెం పసుపు. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది, 2005 డిసెంబరు 13కి ముందు నుంచి అడవి భూమి సాగు చేసుకుంటున్న ఆదివాసులకి హక్కు ఇవ్వాలన్నారు, నాన్న కూడా దరఖాస్తు పెట్టాడు. ఎప్పుడు అడిగినా పరిశీలనలో ఉంది అనేవారు. 2019 ఫిబ్రవరిలో, దరఖాస్తు తిరస్కరించినవాళ్ళని ఖాళీ చేయించమని సుప్రీంకోర్టు ఆదేశం ఇచ్చింది, పదిహేను రోజులకి తనే దాన్ని ఆపింది. ఆ పదిహేను రోజులూ నాన్న సరిగా అన్నం తినలేదు. మాదేమైందో తెలియదు కదా, ఆ టెన్షన్.

పోయినేడాది తెలిసింది, మాది ఎప్పుడో కొట్టేశారని. "ఆధారాలు లేవు", అంతే రాశారు. తిరస్కరిస్తే కారణం రాసి మనిషికి తెలియజేయాలి, అరవై రోజుల్లో పై కమిటీకి చెప్పుకునే వీలుండాలి, ఇదంతా చట్టంలో ఉంది. మాకు ఒక్క కాగితం అందలేదు. మా గడువు మాకు తెలియకుండానే అయిపోయింది. ఇది రాస్తుంటే ఇప్పటికీ చేతులు వణుకుతున్నాయి.

ఆ రోజు ఆఫీసు వరండాలో నాన్న ఆ కాగితం పట్టుకుని కూర్చుండిపోయాడు. పక్క బెంచీ మీద తెల్లచీర కట్టుకున్న ఒక పెద్దావిడ, మెడలో చిన్న సిలువ, ఇంకో ఊరివాళ్ళ పని మీద వచ్చారట. "ఏం కాగితం అయ్యా అది, చూడొచ్చా?" అని అడిగారు. ఆవిడే మా సిస్టరమ్మ. మా ఊరేదని గానీ, మా మతమేదని గానీ అడగలేదు. చదివి, "ఇది ఆఖరి మాట కాదయ్యా, కాగితాలే ఆధారం అని ఎక్కడా లేదు" అన్నారు. ఊరి పెద్దలు చెప్పిన మాట రాసి పెడితే అదీ ఆధారమేనట. పాత బావి, శ్మశానం, దేవుడి చోటు, ఇవన్నీ కూడా ఆధారాలేనని ఆ చట్టం నియమాల్లో పదమూడోదాంట్లో ఉందట. శ్మశానంలో మా తాతలు పాతిన రాళ్ళకి ప్రభుత్వం పుస్తకంలో చోటుందని ఆ రోజు వరకూ మాకెవరూ చెప్పలేదు.

రెండు వారాలకి నిజంగానే వచ్చేశారు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, మోకాళ్ళ నొప్పులు, జీపు ఆగిన చోటు నుంచి మా ఊరికి గంటన్నర నడక. కర్ర పుచ్చుకుని ఎక్కారు.

ఇక్కడ మా ఊరి సంగతి దాచకుండా చెప్పాలి. నలభై రెండు గడపల్లో పందొమ్మిది గడపలు యేసుప్రభువుని నమ్ముకున్నాయి, మా సొంత చిన్నాన్న ఇల్లు కూడా. అప్పట్లో కింద నుంచి వచ్చిన ఒక బోధకుడు మా శంకుదేవుడిని పట్టుకుని రాయి, దెయ్యం అన్నాడు. దాంతో మావాళ్ళు కొత్త పంట తినే కొత్తల పండగలకి వాళ్ళని పిలవడం మానేశారు, ఒక బావి దగ్గర నీళ్ళు కూడా పట్టనివ్వలేదు. తప్పు రెండు వైపులా ఉంది. పట్టా దరఖాస్తుల మీద తీర్మానం చేయాల్సింది గ్రామసభే, అది పెడితే వాళ్ళు రారు. ఊళ్ళో వయసొచ్చినవాళ్ళలో సగం మంది ఉండాలి, వచ్చినవాళ్ళలో మూడో వంతు ఆడవాళ్ళు ఉండాలి, లేకపోతే తీర్మానం చెల్లదు. కొందరు ఎలాగూ పనులకి కిందికి పోయి ఉంటారు, ఇక లెక్క ఎక్కడ సరిపోతుంది? పైగా ఎవరో కిందిస్థాయి ఉద్యోగి చర్చికి పోయేవాళ్ళు ఆదివాసులు కారు, వాళ్ళకి హక్కు లేదు అని పుకారు పుట్టించాడు. అది శుద్ధ అబద్ధం. మతం మారినంత మాత్రాన ఎస్టీ హోదా పోదు, అటవీ హక్కుల చట్టం మతం అడగదు.

సిస్టరమ్మ ముందు చర్చి వాళ్ళ ఇళ్ళకి పోతారనుకున్నాం. ఆమె మా ఊరి పూజారి దిసారి తాత దగ్గరికి పోయారు. దేవుడి చెట్ల దగ్గర చెప్పులు విడిచి, "లోపలికి రావచ్చా తాతా?" అని అడిగి, ఆయన తలూపేదాకా ఎండలో నిలబడ్డారు. లోపలికి వచ్చాక చేతులు జోడించి, "మావాళ్ళు మీ దేవుడిని రాయి అన్నారు, దెయ్యం అన్నారు. ఆ మాటకి నేను క్షమాపణ అడగాలి తాతా" అన్నారు.

దిసారి తాత ఏమీ అనలేదు. ఆయన కళ్ళ నుంచి నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు కూడా. చిన్నాన్న అక్కడే గట్టు మీద తలొంచుకుని కూర్చున్నాడు, నాన్న వెళ్ళి పక్కన కూర్చున్నాడు. ఆరేళ్ళ తర్వాత. నేను నీళ్ళ చెంబు పట్టుకుని నిలబడి ఏడుస్తూనే ఉన్నాను.

ఆ సాయంత్రం శ్మశానంలో రాయి రాయి దగ్గరా ఆగి, ఇది ఎవరిది, వాళ్ళ నాన్న ఎవరు, ఎక్కడ సాగు చేశారు అని అడిగి రాసుకున్నారు. నానమ్మ ఒక్కొక్క పేరూ చెప్పింది, పదిహేడు పేర్లు. ఆ పేర్లు అంతకు ముందు ఏ కాగితం మీదా లేవు. చర్చి వాళ్ళ తాతలూ మా తాతలూ ఆ పదిహేడు మందే కదా, మరి ఎవరిని వేరు చేస్తాం? చీకటి పడ్డాక టార్చి వెలుగులో అన్నీ పైకి చదివి వినిపించి, తప్పుంటే చెప్పమన్నారు.

మీకెందుకమ్మా ఇంత శ్రమ అని నాన్న అడిగితే, 2022లో పోప్ ఫ్రాన్సిస్ కెనడా పోయి అక్కడి ఆదివాసులకి క్షమాపణ చెప్పిన సంగతి చెప్పారు. వాళ్ళ పిల్లల్ని బడుల పేరుతో అమ్మానాన్నల నుంచి వేరు చేసి, భాష మాన్పించారట, ఆ బడులు చాలావరకు చర్చిలే నడిపాయట. "అంత పెద్దాయనే అడిగాడు, నేనెంత" అన్నారు. ఆమె డైరీలో స్టాన్ స్వామి గారి ఫొటో ఉంది. జార్ఖండ్ ఆదివాసుల కోసం పనిచేసి, బెయిలు రాకుండానే 2021 జూలైలో కస్టడీలో కన్నుమూసిన ఫాదర్. దాని గురించి ఎక్కువ మాట్లాడలేదు, మూసి సంచిలో పెట్టుకున్నారు.

తర్వాతి గ్రామసభకి నూట ముగ్గురు వచ్చారు, అందులో యాభై ఎనిమిది మంది ఆడవాళ్ళు. అయినా ఏడు నెలలు తిప్పారు. ఒకసారి సర్వే నకలు లేదన్నారు, ఒకసారి సంతకం చేసే మనిషి లేరన్నారు, ఈ రోజు కూడా పొద్దున పదింటికి రమ్మని సాయంత్రం ఆరింటికి ఇచ్చారు. మా ఊరివే ఇంకా పద్నాలుగు దరఖాస్తులు అక్కడే ఉన్నాయి. వాటి సంగతి ఎవరు చెప్తారు?

అన్నయ్య, వదిన, అమ్మ, వాళ్ళకి థాంక్స్ చెప్తే నవ్వుతారు, వాళ్ళు చేయకపోతే ఎవరు చేస్తారు.

అయ్యో, జీపు తమ్ముడిని మర్చిపోయాను, మూడుసార్లు డీజిల్ డబ్బులే తీసుకున్నాడు. జిరాక్స్ షాపు అన్న కూడా. కొలతలకి వానలో వచ్చిన సర్వేయరమ్మాయి, పేరు అడగలేదు, క్షమించమ్మా. చర్చి నుంచి పందొమ్మిది గడపలనీ సభకి తీసుకొచ్చిన మా ఊరి పాస్టర్ గారు, ఈయన్ని ముందే రాయాల్సింది.

సిస్టరమ్మా, మీ ఫోన్ కలవడం లేదు. వేరే చోటికి మార్చారని ఎవరో అన్నారు. ఎవరైనా గుర్తుపడితే ఇది ఆమెకి చదివి వినిపించండి. వచ్చే నెల కొర్రకొత్త పండగ, ఈసారి నలభై రెండు గడపలూ కలిసి చేస్తున్నాం. మిమ్మల్ని పిలవమని దిసారి తాతే చెప్పాడు. నడవక్కర్లేదు, జీపు ఆగే చోటికి మా కుర్రాళ్ళు డోలీ తెస్తారు.