11 రోజులు మా సైట్ మీకు మూసి ఉంది, నాకు మాత్రం తెరిచే ఉంది

వినాయక చవితి మర్నాటి నుంచి మొన్న మంగళవారం దాకా మా సైట్‌కి వచ్చిన వాళ్ళందరికీ ఒకటే పేజీ కనిపించింది. గంధం రంగు మీద లక్కపిడతల బొమ్మ, కింద ‘త్వరలో మీ ముందుకు’ అన్న మాట. మొత్తం 11 రోజులు. అది కూడా దసరా కొలువుకి బొమ్మలు కొనే రోజుల్లో. సైట్‌ని ఎవరూ హ్యాక్ చేయలేదు, సర్వర్ పడిపోలేదు. ఆ పేజీ పెట్టింది నేనే, పెట్టి మరిచిపోయిందీ నేనే.

కొత్తగా చదువుతున్న వాళ్ళ కోసం చెప్తున్నాను. మేము విశాఖలో ఉంటాం. ఏటికొప్పాకలో లక్కపని చేసే నాలుగు కుటుంబాల దగ్గర బొమ్మలు తీసుకుని ఆన్‌లైన్‌లో అమ్ముతాం. సైట్ వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్ మీద నడుస్తుంది, పేజీలు ఎలిమెంటర్ అనే ప్లగిన్‌తో (అంటే దానికి తగిలించే అదనపు భాగంతో) కట్టినవి, అమ్మకాలు వూకామర్స్ అనే ఇంకో ప్లగిన్‌లో. ఇవన్నీ మా మేనల్లుడు రెండేళ్ళ కిందట కట్టిపెట్టి పుణె వెళ్ళిపోయాడు. అప్పటి నుంచి నాకు తెలిసిందల్లా కొత్త బొమ్మ ఫొటో ఎక్కించడం, ధర మార్చడం, ఆర్డర్ చూసుకోవడం.

గొడవ మొదలైంది ఒక చిన్న తప్పు దిద్దబోయి. మా సైట్‌లో ప్రతి పేజీ అడుగున ‘ఏటికొప్పాక, విశాఖపట్నం జిల్లా’ అని ఉండేది. 2022లో జిల్లాలు మారాక ఆ ఊరు అనకాపల్లి జిల్లాలోకి వెళ్ళిందని అక్కడి వాళ్ళే ఒకరు గుర్తుచేశారు. నిజమే కదా, ఊరి పేరు మీద బతుకుతూ జిల్లా తప్పు రాయడం ఏమిటని ఆ రాత్రే కూర్చున్నాను. పనిలో పనిగా 2017లో బొమ్మలకి జీఐ గుర్తింపు (ఇవి ఈ ఊరి ప్రత్యేక సరుకేనన్న ప్రభుత్వ గుర్తింపు) వచ్చిన సంగతి కూడా చేర్చాలనుకున్నాను. సగం మార్చిన పేజీ మీ కంట పడకూడదని, మేనల్లుడు ఎప్పుడో చూపించిన మెయింటెనెన్స్ మోడ్ ఆన్ చేశాను, అంటే వచ్చిన వాళ్ళకి సైట్ బదులు ఆ ‘త్వరలో’ పేజీ ఒక్కటే చూపించే ఏర్పాటు. వాడు రాసిచ్చిన కాగితం అప్పుడు చేతిలోనే ఉంది.

ఆ జిల్లా పేరు ఎక్కడుందో దొరకడానికి గంటన్నర పట్టింది. పేజెస్‌లో వెతికాను, లేదు. ఎలిమెంటర్ కింద సెట్టింగ్స్‌లో చూశాను, లేదు. తీరా చూస్తే టెంప్లేట్స్ కింద థీమ్ బిల్డర్‌లో ఫుటర్ అని విడిగా ఉంది. వంటింట్లో ఉప్పు డబ్బా కోసం వెతికి వెతికి చివరికి దేవుడి గూట్లో దొరికినట్టు అనిపించింది. దొరికిన సంతోషంలో మార్చి, సేవ్ చేసి, లైటార్పి పడుకున్నాను. మెయింటెనెన్స్ మోడ్ సంగతి గుర్తే లేదు. కాగితం ఎటు పోయిందో కూడా తెలియదు.

మరి 11 రోజులు ఎలా తెలియలేదని మీరు అడుగుతారు. నేనూ అదే అడిగాను. ఆ మోడ్ పెట్టేటప్పుడు ‘ఎవరు చూడొచ్చు’ అని ఒక గడి ఉంటుంది. అందులో లాగిన్ అయిన వాళ్ళు అని ఉంది. నేను పొద్దున్న లేచిన దగ్గర్నుంచి లాగిన్‌లోనే ఉంటాను, అందుకని నాకు సైట్ ఎప్పటిలా కనిపించింది. అది ఆన్‌లో ఉన్నంతసేపూ కంప్యూటర్‌లో పైనున్న నల్ల పట్టీ మీద ఎర్రగా ఒక ముక్క వెలుగుతూ ఉంటుంది, మోడ్ ఆన్‌లో ఉందని. నేను ఆ 11 రోజులూ పనంతా ఫోన్‌లోనే చేశాను. ఫోన్‌లో ఆ ముక్క కనిపించదు.

అన్నిటికన్నా నన్ను మోసం చేసింది ఆ మధ్యలో వచ్చిన మూడు ఆర్డర్లు. ఒక్కటీ రాకపోయి ఉంటే రెండో రోజే అనుమానం వచ్చేది. ఆ ముగ్గురూ మా దగ్గర ఖాతా ఉన్న పాత కస్టమర్లు, వాళ్ళ ఫోన్లో లాగిన్ అయ్యే ఉన్నారు. వర్డ్‌ప్రెస్‌లో ‘గుర్తుంచుకో’ అని టిక్ పెడితే 14 రోజుల దాకా లాగిన్ అలాగే ఉంటుంది. అంటే నాలాగే వాళ్ళకీ తలుపు తెరిచే ఉంది. బయట నుంచి కొత్తగా వచ్చిన వాళ్ళకే తాళం.

రోజుకి ఐదారు ఆర్డర్లు రావాల్సిన సమయంలో మొత్తం కలిపి మూడే వస్తే నేను ఏమనుకున్నానో చెప్పడానికి సిగ్గుగా ఉంది. మార్కెట్ డల్‌గా ఉందనుకున్నాను. ఏటికొప్పాక నుంచి బొమ్మలు చేసే ఆయన ఫోన్ చేసి “దశావతారాల సెట్లు ఎన్ని చెయ్యమంటారమ్మా?” అని అడిగితే, 40 అని ముందు చెప్పిన మాట మార్చి 15 చాలన్నాను. “ఈసారి కొలువులు పెట్టట్లేదా ఏంటి జనం?” అన్నాడాయన. ఏమోనండీ అన్నాను.

డాలస్ నుంచి ఒకావిడ వాట్సాప్‌లో మెసేజ్ పెట్టారు: “అక్కా, మూడుసార్లు చూశాను, ఇంకా త్వరలోనే అంటోంది. ఎప్పుడు?” నేను వెంటనే నా ఫోన్‌లో చూసి, “నాకు బాగానే వస్తోందమ్మా, మీ నెట్ ఒకసారి చూసుకోండి” అని జవాబిచ్చాను. ఆవిడ మాట పెంచకుండా స్క్రీన్‌షాట్ పంపారు. గంధం రంగు, లక్కపిడతలు. అది చూడగానే కడుపులో తిప్పినట్టయింది. మీ నెట్‌ని అన్నందుకు క్షమించండమ్మా, విడిగా కూడా చెప్పాను, ఇక్కడ అందరి ముందూ చెప్తున్నాను.

మేనల్లుడు మీటింగ్‌లో ఉన్నాడు, ఫోన్ ఎత్తలేదు. ఆ టెన్షన్‌లో నేనే దిగాను. ఆన్ చేసిందాన్ని ఆఫ్ చేసే చోటు ఎలిమెంటర్ సెట్టింగ్స్‌లో ఉంటుందని ఎవరైనా అనుకుంటారు. అక్కడికి వెళ్ళి, అక్కడున్న టిక్కులు రెండు మార్చేసరికి సైట్ రంగులూ అక్షరాలూ వేరేగా తయారయ్యాయి. ఆ రోజు మధ్యాహ్నం మా బొమ్మల పేర్లు చీమల్లా కనిపించిన వాళ్ళకి కారణం అదే. మళ్ళీ యథాస్థానంలో పెట్టాను. నాకు కావలసింది ఎలిమెంటర్ కిందే టూల్స్‌లో ఉంది. టూల్స్ అంటే స్పానర్లూ స్క్రూడ్రైవర్లూ, మనకి అక్కర్లేదని, ఆ రాత్రి కాగితం చూసి నొక్కింది తప్ప, రెండేళ్ళుగా దాని మీద నొక్కనే లేదు. లోపల మొదటి ట్యాబ్ జనరల్. రెండోది యూఆర్‌ఎల్ (సైట్ చిరునామా) మార్చేది, ముందు బ్యాకప్ తీసుకోండని హెచ్చరిక చూసి దాన్ని ముట్టుకోలేదు. మూడోది పాత వర్షన్‌కి వెనక్కి వెళ్ళేది. నాలుగోది మెయింటెనెన్స్ మోడ్. అందులో డిసేబుల్డ్ అని పెట్టి సేవ్ నొక్కి, ప్యాకింగ్ చేసే అమ్మాయి ఫోన్‌లో సైట్ తెరిపించాను. వచ్చింది.

సాయంత్రం మేనల్లుడు ఫోన్ చేసి అంతా విని, “అత్తా, రెండు మోడ్‌లు ఉంటాయి కదా, నువ్వు ఏది పెట్టావు?” అన్నాడు. నేను పెట్టింది కమింగ్ సూన్. అది పెడితే ఈ పేజీ సిద్ధంగా ఉంది, చదువుకోమని గూగుల్‌కి చెప్పినట్టట, 200 అన్న కోడ్ పంపుతుంది. అసలు మెయింటెనెన్స్ అన్నది పెడితే 503 పంపుతుంది, అంటే కాసేపాగి రమ్మని. అదీ ఒకటి రెండు రోజులకి మించి పెట్టకూడదట. నేను రమ్మని పిలిచి మరీ గూగుల్‌కి మూసిన తలుపు చూపించాను. గూగుల్‌లో మా పేరు కొడితే కింద ‘త్వరలో మీ ముందుకు’ అన్న వాక్యం ఇంకా కనిపిస్తోంది. అది మారడానికి కొంత టైమ్ పడుతుంది. అది చూసి వెనక్కి వెళ్ళకండి, లోపల కొట్టు తెరిచే ఉంది.

ఇప్పుడు సరుకు సంగతి. దశావతారాల సెట్లు 15 మాత్రమే ఉన్నాయి, ఇది రాసేటప్పటికి 6 వెళ్ళిపోయాయి. ఇంకో 25 చేయించలేరా అని మీరు అడగొచ్చు. అంకుడు కర్ర కోసి ఆరబెట్టాలి. ఆరిన కర్రని లేతు మీద తిప్పుతూ లక్క ఆనిస్తే ఆ రాపిడి వేడికి లక్క కరిగి పట్టుకుంటుంది, తర్వాత మొగలి ఆకుతో మెరుగు పెడతారు. ఒక్కో సెట్‌లో పది బొమ్మలు, ఒక్కో బొమ్మకి మళ్ళీ తల వేరు, ఒళ్ళు వేరు. నవరాత్రులకి ఇంకా రెండు వారాలే ఉంది. తొందరపెట్టి పచ్చి కర్రతో చేయిస్తే సంక్రాంతికల్లా పగుళ్ళు వస్తాయి. అలాంటివి నేను పంపను. లక్కపిడతలు, ఎద్దుల బండి, కుంకుమ భరిణెలు, బొంగరాలు మాత్రం కావలసినన్ని ఉన్నాయి.

ఆ 11 రోజుల్లో వచ్చి తిరిగి వెళ్ళిన వాళ్ళు ఎవరో నాకు తెలిసే దారి లేదు. అందుకని ఈ ఆదివారం రాత్రి దాకా మన దేశంలో ఎక్కడికైనా కొరియర్ ఖర్చు మాదే. విదేశాలకి అంత భరించలేను, అక్కడి వాళ్ళకి ప్రతి పార్సిల్‌లో ఒక బొంగరం వేస్తాను. 40 సెట్లు చెప్పి 15కి దించినందుకు ఏటికొప్పాకలో ఆయనకి అడ్వాన్స్ మొత్తం ఇచ్చేశాను. మిగతా 25 సంక్రాంతి కొలువుకి చేస్తున్నారు.

నా లాగిన్ కూడా మార్పించాను. ఇప్పుడు నాది వూకామర్స్ వాళ్ళ షాప్ మేనేజర్ పాత్ర. ఆర్డర్లు, బొమ్మలు, ధరలు కనిపిస్తాయి. ఎలిమెంటర్ సెట్టింగ్సూ టూల్సూ ఎడమ పక్క మెనూలో అసలు లేవు. మొదటి రోజు కాస్త చిన్నతనంగా అనిపించింది కానీ, ఇప్పుడు మెనూ మా ఇంటి వరండా అంత ఖాళీగా హాయిగా ఉంది. రోజూ పొద్దున్న పది గంటలకి ప్యాకింగ్ అమ్మాయి తన ఫోన్‌లో, లాగిన్ లేకుండా, సైట్ తెరిచి ఒక బొమ్మ కార్ట్‌లో వేసి తీసేస్తోంది.

ఈ శుక్రవారం రాత్రి 11 నుంచి 12 దాకా ప్లగిన్ అప్‌డేట్ ఉంది. చేసేది మేనల్లుడు, పెట్టేది 503 వచ్చే మోడ్. శనివారం పొద్దున్న కూడా మీకు ఆ గంధం రంగు పేజీయే కనిపిస్తే మెసేజ్ పెట్టకండి, నేరుగా ఫోన్ చేసి తిట్టండి.